అయ్యగారు అయ్యే దారి

తెలుగు క్రైస్తవులు పాస్టరును పేరు పెట్టి పిలవడం అరుదు. అయ్యగారు అంటారు. ఆయన భార్య అమ్మగారు, కొన్నిచోట్ల పాస్టరమ్మగారు. పాస్టరుకు ముప్పై ఏళ్ళు నిండకపోయినా, డెబ్బై ఏళ్ళ పెద్దాయన గుమ్మం దగ్గర ఆగి "వందనాలు అయ్యగారూ" అంటాడు. పాస్టరు అనే లాటిన్ మాటకు గొర్రెల కాపరి అని అర్థం. తెలుగు బైబిలు వాడే మాట కూడా కాపరే. కాథలిక్కుల ఫాదరు సంగతి వేరు. ఆయనకు పెళ్ళి ఉండదు. చదువూ నియామకమూ రోమన్ చర్చి కట్టుబాటు ప్రకారం ఒకే తీరున నడుస్తాయి. ప్రొటెస్టెంటు సంఘాల్లో అలా కాదు. ఒక సంఘంలో పాస్టరు కావాలంటే ఏళ్ళ తరబడి చదువు, పరీక్షలు, పరిశీలన. పక్క వీధి సంఘంలో ఏడాది బైబిలు ట్రైనింగ్ చాలు. మూడో సంఘంలో అసలు ఆ పదవే లేదంటారు.

ఈ తేడాలన్నీ ఒకే చోట కనిపించే ప్రాంతాల్లో మన్సూరాబాద్ ఒకటి. ఎల్బీనగర్‌ను ఆనుకుని ఉన్న ఈ ఊరు 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. విజయవాడ హైవే దగ్గర కావడంతో నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్ళు ఈ చుట్టుపక్కల కాలనీల్లో ఇళ్ళు కట్టుకున్నారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో కోచింగ్ కోసం దిగిన పిల్లలు ఉద్యోగం దొరికాక ఇటువైపే అద్దె ఇళ్ళు చూసుకున్నారు. వచ్చినవాళ్ళలో క్రైస్తవులు తమ ఊరి చర్చిని కూడా వెంట తెచ్చుకున్నారు. ఊరి చర్చి అంటే ఊరి శాఖ. 19వ శతాబ్దం నుంచి మిషన్లు ఒకరి చేలో ఒకరు అడుగు పెట్టకుండా తెలుగు జిల్లాలను పంచుకుంటూ వచ్చాయి. గుంటూరు లూథరన్లది. నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టులవి. మహబూబ్‌నగర్ మెనోనైట్ బ్రదరన్‌ది. మెదక్ ఇంగ్లండు వెస్లియన్ మెథడిస్టులది. దోర్నకల్, బందరు ఆంగ్లికన్లవి. అందుకే పాతతరం తెలుగు క్రైస్తవుడు సొంత జిల్లా చెబితే అతని చర్చి పేరు చాలావరకు చెప్పేయొచ్చు. మన్సూరాబాద్‌కు వచ్చేసరికి ఆ సరిహద్దులన్నీ చెరిగిపోయి, అన్ని రకాల పాస్టర్లూ ఒకే కిరాణా కొట్లో ఎదురుపడుతుంటారు.

ఏ శాఖలోనైనా పాస్టరు కథ పిలుపుతోనే మొదలవుతుంది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నానని ఏ పాస్టరూ చెప్పడు. దేవుడు పిలిచాడు, వచ్చాను అంటాడు. సంఘం ముందు నిలబడి ఆ సంగతి చెప్పడాన్ని సాక్ష్యం అంటారు. సాక్ష్యాల్లో కొన్ని మలుపులు మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి. పిల్లలు లేని తల్లి, బిడ్డ పుడితే సేవకు ఇచ్చేస్తానని మొక్కుకుంటుంది. పాత నిబంధనలో హన్నా తన కొడుకు సమూయేలును మందిరానికి ఇచ్చిన కథ వరస అది. డిగ్రీ తప్పి, తాగుడు మరిగి తిరుగుతున్న కుర్రాడు ఏదో కూటంలో ఒక్క మాట విని నిలిచిపోతాడు. అది దమస్కు దారిలో పౌలు వరస. డాక్టర్లు చేతులెత్తేసిన రోగి లేచి కూర్చోవడం మరొకటి. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయే అనిపిస్తుంది. అయితే మనిషి తన బతుకును తాను నమ్మిన పుస్తకం నేర్పిన మాటల్లోనే చెప్పుకుంటాడు, అంతమాత్రాన అది అబద్ధమైపోదు. చిక్కు మరోచోట ఉంది. పిలుపు వినబడేది ఒక్కడికి. అది నిజమేనని ఒప్పుకోవలసింది పదిమంది. ఆ పదిమంది ఎవరన్నదాన్ని బట్టే పాస్టర్ల దారులు చీలాయి.

మొదట్లో ఒప్పుకున్నది పల్లె. ఒంగోలు ప్రాంతపు యర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రైస్తవ బోధ విన్నాడు. 1866లో భార్యతో కలిసి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్ చేత బాప్తిస్మం పొందాడు. అదే ఏడాది ఆ మిషనుకే చెందిన జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. అప్పటికే పేరయ్య తన వాడలో, చుట్టాల ఊళ్ళలో బోధ మొదలుపెట్టేశాడు. చదువులేదు, నియామకపత్రం లేదు. తోళ్ళ బేరానికి తిరిగిన ఊళ్ళే సువార్తకూ దారులయ్యాయి. విన్నవాళ్ళు చుట్టాలు, బేరగాళ్ళు. మనిషి ఎలాంటివాడో వాళ్ళకు ముందే తెలుసు, కాబట్టి మరో పరీక్ష అక్కర్లేకపోయింది.

అలా తయారైన తెలుగు బోధకుల బలం 1878లో బయటపడింది. 1876 నాటి కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని చూపించాడు. కరువు తీరేదాకా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు; కూటికోసం మతం మారారన్న మాట పడకూడదని. కరువు సడలాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఏటిలో నిలబడి ముంచింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని పొద్దుగూకేదాకా ఆ పని చేశారు. మిషను చరిత్రల్లో ఈ సంఘటన క్లౌ పేరుమీద నడుస్తుంది గానీ, నడుములు నొప్పి పుట్టేదాకా నీళ్ళలో నిలబడ్డవాళ్ళు వేరే.

తర్వాత పల్లెల్లో ఉపదేశి వచ్చాడు. పగలు బడి పంతులు, సాయంత్రం ప్రార్థన నడిపేవాడు, జబ్బు చేస్తే మందు ఇచ్చేవాడు, అర్జీ రాసిపెట్టేవాడు, అన్నీ ఆయనే. జీతం మిషనుది. జీతం ఇచ్చేవాడే ఒప్పుకునేవాడు కూడా అయ్యాడు. ఎవరు ఉపదేశి, ఎవరు అభిషిక్త పాస్టరు అన్నది మిషనరీ బంగళాలో తేలేది. పల్లె చేతిలోని మాట దొర చేతికి పోయింది.

ఆ మాటను తిరిగి ఇక్కడివాళ్ళ చేతికి తెచ్చినవారిలో ముఖ్యుడు వేదనాయగం సామ్యూల్ అజరయ్య. ఆయన తెలుగువాడు కాదు. 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లా వెల్లాలన్‌విళైలో పుట్టాడు. తండ్రి పల్లెటూరి ఆంగ్లికన్ పాస్టరు. అజరయ్య మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, పట్టా చేతికి రాకుండానే బయటికొచ్చాడు. 1895లో వైఎంసీఏ కార్యదర్శిగా చేరి పద్నాలుగేళ్ళు దక్షిణాది అంతా తిరిగాడు. 1903లో తోటివాళ్ళతో కలిసి తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించాడు. డబ్బు ఇక్కడిదే, మనుషులు ఇక్కడివాళ్ళే, పెత్తనం ఇక్కడివాళ్ళదే కావాలన్నది దాని నియమం. ఆ సొసైటీ పని కోసం ఎంచుకున్న చోటు నైజాం రాజ్యంలోని దోర్నకల్. తమిళ క్రైస్తవులకు అది పరాయి దేశంతో సమానం. భాష తెలియదు, తిండి పడదు, పాలన కూడా వేరు.

పంపినవాడు ఇంట్లో కూర్చోకూడదనుకున్నాడు అజరయ్య. సుఖంగా సాగుతున్న వైఎంసీఏ పని వదిలి, 1909లో మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ చేత అభిషేకం పొంది దోర్నకల్ వచ్చాడు. ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగు అక్షరాలు దిద్దాడు. ఎద్దుబండి మీద, సైకిలు మీద మాలమాదిగ పల్లెలు తిరిగాడు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, విదేశీ మిషనరీలు భారతీయ సేవకులను సమానులుగా చూడకపోవడం గురించి వాళ్ళ మొహం మీదే మాట్లాడాడు. వాళ్ళ త్యాగాన్ని మెచ్చుకుంటూనే, తమవాళ్ళు కోరేది దానం కాదు, స్నేహం అన్నాడు. సభలో చాలామందికి అది రుచించలేదు. మూడేళ్ళు తిరక్కుండానే, 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయనను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. భారతీయుడి కింద ఇంగ్లీషు పాదిరీలు ఎలా పనిచేస్తారని అప్పట్లో పెద్ద చర్చ జరిగింది. మొదట ఆయన పీఠాన్ని, అంటే ఆయన ఏలుబడిలోని ప్రాంతాన్ని, చిన్నదిగా ఉంచి, తరువాతి కాలంలో కృష్ణా వైపు ప్రాంతాలనూ చేర్చారు.

పాస్టర్లను తయారుచేయడంలో అజరయ్య పట్టుబట్టిన విషయం ఒకటుంది. పల్లెకు పోయేవాడికి పల్లెలో బతకడం రావాలి. దోర్నకల్ శిక్షణలో అభ్యర్థితో పాటు భార్యకూ చదువు చెప్పేవారు. పాస్టరు అంటే ఒక మనిషి కాదు, ఒక కాపురం అన్న ఎరుక అందులో ఉంది. ప్రసంగాల్లో ఆయన మోక్షంతో పాటు మురికి, జబ్బు, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాల గురించి చెప్పేవాడు. బాప్తిస్మం పొందినవాళ్ళ చేత, తలమీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పడం తమ పని కూడానని ప్రమాణం చేయించేవాడు. అంటే బోధ పాస్టరు ఒక్కడి సొత్తు కాదని. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్‌ను చూస్తే ఆయన ఆలోచన రాతిలో కనిపిస్తుంది. స్తంభాలు గుడి మండపంలోలా, గుమ్మటాలు మసీదుమీదిలా ఉంటాయి. లోపల తామరపూల చెక్కడం. అజరయ్య 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశాడు. ఆయన 1919 నుంచి పాటుపడిన చర్చిల ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా, అంటే సీఎస్ఐగా రూపు దిద్దుకుంది. లూథరన్లు, బాప్టిస్టులు అందులో చేరలేదు.

పూర్తిగా ఎదురుదారి భక్తసింగ్‌ది. 1903లో పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంజనీరింగ్ చదువుకు లండన్, అక్కణ్ణుంచి కెనడా వెళ్ళాడు. 1929లో అక్కడ కొత్త నిబంధన చదువుతూ క్రైస్తవుడయ్యాడు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకుని, 1933లో తిరిగొచ్చాడు. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా, 1950లో హైదరాబాద్‌లో హెబ్రోను అనే సహవాసాలు ఆయన మొదలుపెట్టినవే. ఆ సహవాసాల్లో పాస్టరు అన్న పేరు లేదు. అందరూ బ్రదర్లే. నడిపేది సంఘపెద్దలు. పూర్తికాలం సేవ చేసేవాడికి జీతం ఉండదు, అవసరాలు దేవుడికే చెప్పుకోవాలి. నేలమీద చాపలు పరుచుకుని కూర్చోవడం, ఆరాధన తర్వాత అందరూ వరసల్లో కలిసి భోజనం చేయడం అక్కడి పద్ధతి. భక్తసింగ్ 2000 సెప్టెంబరు 17న హైదరాబాద్‌లో చనిపోయాడు. లూథరన్ సంఘం నుంచి వచ్చిన ముంగమూరి దేవదాసు 1938లో బైబిలు మిషను స్థాపించాడు. విదేశీ మిషను అండ లేకుండా తెలుగునేల మీద పుట్టిన పెద్ద సంఘాల్లో అదొకటి. ఇవాళ మన్సూరాబాద్‌లో సొంతంగా సంఘం పెట్టుకున్న పాస్టరు తెలిసో తెలియకో ఈ ఇద్దరి వారసుడే.

శాఖల సంఘాల్లో దారికి మైలురాళ్ళు ఉన్నాయి. సీఎస్ఐలో పిలుపు వచ్చిందనుకున్న యువకుడు ముందు తన పాస్టరేట్ కమిటీని ఒప్పించాలి. అక్కణ్ణుంచి పేరు పీఠానికి వెళుతుంది. ఎంపికైతే వేదాంత కళాశాలకు పంపుతారు. తెలుగువాళ్ళకు ఆ కళాశాల ప్రధానంగా ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ. రాజమండ్రి లూథర్‌గిరి, రామాయపట్నం, దోర్నకల్‌లలో వేర్వేరుగా నడుస్తున్న శిక్షణ కేంద్రాలు కలిసి 1964లో రాజమండ్రిలో ఇది ఏర్పడింది. తర్వాత హైదరాబాద్ లోయర్ ట్యాంక్‌బండ్ పక్కన గాంధీనగర్‌కు మారింది. పట్టా ఇచ్చేది శ్రీరాంపూర్ సెనేట్. బెంగాల్‌లోని శ్రీరాంపూర్ కళాశాలను విలియం కేరీ, అతని సహచరులు 1818లో స్థాపించారు. ఆ ఊరు అప్పుడు డెన్మార్కు పాలనలో ఉండేది కాబట్టి పట్టాలిచ్చే అధికారం 1827లో డెన్మార్కు రాజు ఇచ్చాడు. నల్లగొండ కుర్రాడి బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) పట్టా వెనక ఒక డేనిష్ రాజు చేవ్రాలు ఉందన్నమాట.

బీడీ చదువు నాలుగేళ్ళు. హీబ్రూ, గ్రీకు భాషల పరిచయం, పాత కొత్త నిబంధనలు, సంఘ చరిత్ర, ఇతర మతాలు, ప్రసంగకళ, ఓదార్పు పరిచర్య ఉంటాయి. 1980లలో బలపడిన దళిత వేదాంతమూ చదువుతారు. పాఠాలు ఇంగ్లీషులో సాగుతాయి. కూరగాయలమ్మే అవ్వకు ఆదివారం చెప్పాల్సింది మాత్రం తెలుగులో. ఈ దూరాన్ని దాటడానికి కొత్త పాస్టరుకు అయిదారేళ్ళు పడుతుందని పాత సంఘపెద్దలు అంటుంటారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కంఠస్థం లేనివాడికి ఎంత గ్రీకు వచ్చినా లాభం లేదని కూడా అంటారు. ఆ మాట నిజమే. చావు ఇంట్లో కరెంటు పోయినప్పుడు పుస్తకం తెరిచి పాడలేరు.

చదువు తర్వాత ఒక సీనియర్ పాస్టరు దగ్గర పని నేర్చుకోవాలి. ఆపైన అభిషేకం రెండు మెట్లలో జరుగుతుంది. మొదట డీకన్, తర్వాత ప్రెస్బిటర్. ఆ రోజు అభ్యర్థులు తెల్లని అంగీలు వేసుకుని బిషప్ ముందు వరసగా మోకాళ్ళూనుతారు. ఇష్టపూర్వకంగా వస్తున్నావా అని బిషప్ అడుగుతాడు. వీరు యోగ్యులేనా అని సభనూ అడుగుతాడు. సభ యోగ్యులే అంటుంది. బిషప్, చుట్టూ ఉన్న ప్రెస్బిటర్లు అందరూ కలిసి అభ్యర్థి తలమీద చేతులుంచుతారు. దీన్నే హస్తనిక్షేపణ అంటారు. అన్ని చేతుల బరువుకు తల వంగిపోతుంది. తర్వాత చేతికి బైబిలు ఇస్తారు. అప్పటిదాకా ఎడమ భుజం మీంచి ఏటవాలుగా వేసుకున్న స్టోల్ ఇక మెడమీంచి రెండు వైపులా సమంగా వేలాడుతుంది. ఆ గుడ్డ మార్పును వెనక వరసలో ఉన్న తల్లులు అందరికన్నా ముందు గమనిస్తారు. ఆ క్షణం నుంచి ఆయన ప్రభువు బల్ల ఇవ్వొచ్చు. బాప్టిస్టుల్లో బిషప్ లేడు. చుట్టుపక్కల సంఘాల పెద్దలు కూర్చుని అభ్యర్థిని ప్రశ్నలడిగి అభిషేకిస్తారు.

స్వతంత్ర సంఘాల దారిలో కమిటీ లేదు, బిషప్ లేడు. కాలనీలో ఒక ఇంటి హాల్లో శుక్రవారం ప్రార్థన మొదలవుతుంది. నాలుగు కుటుంబాలు పది అయ్యాక పక్కింటివాళ్ళు మైకు గురించి అభ్యంతరం చెబుతారు. అప్పుడు ఒక మొదటి అంతస్తు అద్దెకు తీసుకుంటారు. కింద మెకానిక్ షాపు, పైన మందిరం. ఆకుపచ్చ కార్పెట్, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, గోడమీద ఆ ఏడాది వాగ్దానం రాసిన ఫ్లెక్సీ, మూల కీబోర్డు, దానిమీద దుమ్ము పడకుండా కప్పిన పాత చీర. చెప్పులన్నీ మెట్లమీదే. పాస్టరు వారంలో ఆరు రోజులు ప్రైవేటు ఉద్యోగమో, ఆటో నడపడమో చేసి, సంఘం పోషించగలిగినప్పుడు పూర్తికాలానికి వస్తాడు. ఆ రోజును సాక్ష్యంలో తేదీతో సహా చెప్పుకుంటారు. ఆయన అభిషేకం తనకు బోధించిన పెద్ద పాస్టరు చేతుల మీదుగా జరుగుతుంది. పిలుపు నిజమని ఒప్పుకునేది ఆదివారం వచ్చి కూర్చునే జనం. నచ్చకపోతే వాళ్ళు తీర్మానం చేయరు. పై ఆదివారం ఇంకో వీధికి పోతారు. ఒక విధంగా ఇది పేరయ్య నాటి పద్ధతే. కాకపోతే పేరయ్యను విన్నవాళ్ళకు అతని పుట్టుపూర్వోత్తరాలు తెలుసు. నగరంలో పాస్టరు ఎక్కడివాడో, ఎక్కడ నేర్చుకున్నాడో అడిగే తీరిక ఎవరికీ లేదు. మంచి పాస్టరుకూ, మాటకారికీ తేడా తేలడానికి ఇక్కడ చాలా కాలం పడుతుంది, ఈలోగా నష్టపోయేవాళ్ళు నష్టపోతారు.

ఏ దారిన వచ్చినా చేసే పని ఒకటే. జనం చూసేది ఆదివారం ముప్పావుగంట ప్రసంగం. మిగతా వారమంతా బండిమీద గడుస్తుంది. కొత్తింటి ప్రార్థన, పుట్టినరోజు ప్రార్థన, పరీక్షలకు ముందు హాల్‌టికెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన, ఆసుపత్రి మంచం పక్క ప్రార్థన. మధ్యాహ్నం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన. భార్యాభర్తల తగాదాకు అర్ధరాత్రి ఫోను. శ్రమకాలంలో నలభై రోజులు రోజుకో ఇంట్లో కూటం, శుభశుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ధ్యానం, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర ఆరాధన. డిసెంబరులో రాత్రిళ్ళు కేరల్స్, 31వ తేదీ రాత్రి వాచ్‌నైట్. జనవరి మొదటి వారానికి గొంతు పోని పాస్టరు ఉండడు. అన్నిటికన్నా బరువైన పని చావు. శవం ఇంటికి రాకముందే పాస్టరు రావాలి. సమాధి స్థలం దొరకడం నగరంలో కష్టం. ఏ శ్మశానవాటికలో ఎవరితో మాట్లాడాలో తెలిసి ఉండటం వేదాంత కళాశాలలో చెప్పని పాఠం.

ఆదాయం రెండు రకాలు. శాఖల పాస్టరుకు పీఠం స్కేలు ప్రకారం జీతం, ఉండటానికి పాస్టరు బంగళా, కొన్నేళ్ళకోసారి బదిలీ. స్వతంత్ర పాస్టరుకు కానుకల సంచి, సభ్యులిచ్చే దశమభాగం. అందులోంచే హాలు అద్దె, కరెంటు బిల్లు పోవాలి. రెండో రకంలో కొందరు బాగా సంపాదించారన్నది నిజం. నెలాఖరుకు అద్దె కట్టలేక ఇంటి ఓనరుకు కనపడకుండా తిరిగేవాళ్ళు అంతకంటే చాలా ఎక్కువన్నదీ నిజం. వాళ్ళు టీవీలో కనిపించరు.

చట్టం పాస్టరును పట్టించుకునేది పెళ్ళి దగ్గర. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం సంఘం ఒప్పుకున్నంత మాత్రాన పెళ్ళి చేసే అధికారం రాదు. బిషప్ చేత అభిషేకం పొందినవారికి ఆ హక్కు ఉంటుంది. మిగతావాళ్ళు ప్రభుత్వం నుంచి లైసెన్సు తీసుకోవాలి. అధికారం లేకుండా పెళ్ళి జరిపిస్తే పదేళ్ళ దాకా జైలు శిక్ష ఉంది. ఉదయం ఆరుకూ సాయంత్రం ఏడుకూ మధ్యనే జరపాలి. తెల్లవారుజాము ముహూర్తాలకు అలవాటుపడ్డ చుట్టాలకు ఇది మొదట వింతగా తోస్తుంది. ముందుగా నోటీసు చర్చిలో అతికించాలి. చాలా సంఘాల్లో మూడు ఆదివారాలు ప్రకటన చదివి, అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. పెళ్ళయ్యాక రిజిస్టరులో సాక్షుల సంతకాలు. పాస్టరు బీరువాలో బైబిలు తర్వాత భద్రంగా ఉండేది ఆ రిజిస్టరే. పాస్‌పోర్టు కోసం, వీసా కోసం ఇరవై ఏళ్ళ తర్వాత కూడా దంపతులు వెతుక్కుంటూ వస్తారు.

మరో చట్టం పాస్టరును వేరేలా తాకుతుంది. తెలుగు పాస్టర్లలో ఎక్కువమంది దళిత కుటుంబాలవారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవానికి మారిన దళితులను తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సీలో చేర్చి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ సర్టిఫికెట్లో ఏముందో మందిరంలో ఎవరూ అడగరు. పల్పిట్ మీద నిలబడ్డవాడికి ఆ వెసులుబాటు లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు వచ్చిన కేసులో ఫిర్యాదుదారు పాస్టరే. క్రైస్తవుడై పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని కోర్టు చెప్పింది. కులం పేరుతో తిట్టేవాడు మాత్రం మతం అడిగి తిట్టడు.

అమ్మగారి పాత్రకు ఏ నియామకపత్రమూ లేదు. స్త్రీల కూడిక ఆమెదే, సండేస్కూలు ఆమెదే, ఇంటికి ఎవరొచ్చినా టీ ఆమెదే. పాస్టరుకు చెప్పలేనివి ఆడవాళ్ళు ఆమెకు చెప్పుకుంటారు. సీఎస్ఐ స్త్రీలకు అభిషేకం ఇవ్వడం 1970లలో మొదలుపెట్టింది. 2013లో నంద్యాల పీఠానికి పుష్పలలిత బిషప్ అయ్యారు. సీఎస్ఐలో ఆమె మొదటి మహిళా బిషప్. స్వతంత్ర సంఘాల్లో భర్త చనిపోయాక అమ్మగారే సంఘాన్ని నడిపిన ఉదాహరణలు కనిపిస్తాయి. అక్కడ ఆమెను ఎవరూ కొత్తగా అభిషేకించరు. మరుసటి ఆదివారం ఆమె మైకు పట్టుకుంటుంది, జనం వింటారు.

శాఖల పాస్టరు పదవీ విరమణ వయసు రాగానే బంగళా ఖాళీ చేయాలి. జీవితమంతా సంఘం ఇంట్లో ఉన్నవాడికి అరవై దాటాక సొంతిల్లు వెతుక్కోవలసి వస్తుంది. వనస్థలిపురం, మన్సూరాబాద్ వైపు చిన్న ఫ్లాట్లలో అలాంటి రిటైరైన అయ్యగార్లు ఉంటారు. పక్క సంఘాలవాళ్ళు అప్పుడప్పుడు ప్రసంగానికి పిలుస్తుంటారు. స్వతంత్ర పాస్టరుకు విరమణ లేదు. ఓపిక తగ్గాక కొడుకునో అల్లుణ్ణో పక్కన నిలబెట్టుకుంటాడు. సంఘం సొసైటీగా రిజిస్టరై ఉంటే కార్యవర్గంలో పేర్లు మారుతాయి, హాలు అగ్రిమెంటు కొత్త పేరు మీద రాసుకుంటారు, కానుకల సంచీ కీబోర్డూ అక్కడే ఉంటాయి. పెళ్ళిళ్ళ లైసెన్సు మాత్రం పాత పాస్టరు పేరు మీదిది. కొడుకు మళ్ళీ మొదటినుంచి దరఖాస్తు పెట్టుకోవాలి.